జూన్‌లో వెళ్తున్నాం

ఆ రోజుల్లో నాకు రెండు భాషలూ సిగ్గే. ఎల్బీ నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. నల్గొండ పక్క పల్లెలో పుట్టి, తెలుగు మీడియంలో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక పట్నం వచ్చినదాన్ని. క్లాసులో పొరపాటున "గట్ల రాయకున్రి" అంటే ఐదో తరగతి పిల్లలే నవ్వి, "అలా రాయకండి అనాలి మేడం, పుస్తకంలో అట్లనే ఉంటది" అనేవారు. దిద్దేది కూడా మా యాసలోనే అని వాళ్ళకు తోచేది కాదు. నాకు తోచినా నవ్వు వచ్చేది కాదు. ఇంగ్లీషులోనైతే దిద్దడానికి కూడా ఏమీ ఉండేది కాదు. అసలు నోరే తెరిచేదాన్ని కాదు.

బయట తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. గోడల నిండా మన యాస, మన భాష అని రాతలు. స్కూలు గేటు లోపల మాత్రం ఆ ఏడాదే కొత్త నియమం పెట్టారు: టీచర్లందరూ ఒకరితో ఒకరు ఇంగ్లీషులోనే మాట్లాడాలి. తెలుగు టీచరుకు తన పీరియడు వరకే మినహాయింపు.

ఒక శుక్రవారం ప్రిన్సిపల్ మేడం స్టాఫ్ రూములోకి వచ్చి, నా పక్కన నిలబడి, నవ్వుతూ అడిగింది. "వాట్ ఆర్ యూ డూయింగ్ దిస్ సండే?"

ఆదివారం ఏం చేస్తున్నావని అడుగుతోందని అర్థమైంది. నాకేం పనిలేదు. ఏమీ లేదు అంటే నథింగ్. చేయడం అంటే డూయింగ్. రెండూ గబగబా కలిపి, నేనూ నవ్వుతూనే అన్నాను. "నథింగ్ డూయింగ్, మేడం."

ఎవరో దగ్గారు. ఎవరో చేతిలోని టీ గ్లాసు కింద పెట్టారు. ప్రిన్సిపల్ మొహంలో నవ్వు పోయింది. "ఓకే. ఐ వాజ్ ఓన్లీ ఆస్కింగ్" అనేసి వెళ్ళిపోయింది. నేనేదో తప్పు చేశానని తెలుస్తోంది గానీ అదేమిటో తెలియలేదు. సోమవారం టీచర్లందరూ ప్రిన్సిపల్ కూతురి ఓణీల ఫంక్షన్ గురించీ, అక్కడ పెట్టిన డబల్ కా మీఠా గురించీ మాట్లాడుకుంటుంటే అప్పుడర్థమైంది. ఆమె నన్ను పిలవడానికి వచ్చింది. "కుదరదు పో, నేను చెయ్యను" అన్నట్టు వినిపించిందట నా జవాబు. లెక్కల టీచరు నా చెవిలో చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మేం చైతన్యపురి వెనక ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు, పైన మేము. ఇంటావిడ తెనాలి వైపు మనిషి. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. ఆమె భర్త బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ముప్పయ్యేళ్ళ కింద వచ్చి ఆ ఇల్లు కట్టుకున్నారు. నేనామెను టీచరమ్మ అనేదాన్ని. అంతకుముందు మా మధ్య మాటలన్నీ నీళ్ళ మోటారు గురించే.

ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఏంటమ్మాయ్, మొహం అలా పెట్టావ్?"

ఎవరితోనూ చెప్పకూడదనుకున్నదాన్ని మొత్తం చెప్పేశాను. ఆమె ముందు పెదవి బిగపట్టింది. తర్వాత ఆపుకోలేక చిక్కుడుకాయల పళ్ళెం పక్కనపెట్టి మరీ నవ్వింది. నేను మెట్ల వైపు తిరగబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఏమనుకోకు తల్లీ. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పాను, ఇంత మంచి తప్పు ఎవరూ చేయలేదు. కూర్చో. నువ్వు రేపు ఊరికెళ్ళాలనుకో, ఏమంటావ్?"

"రేపు ఊరికి పోత."

"రోజూ బడికి?"

"రోజూ బడికి పోత."

"చూశావా? రేపటికీ రోజుకీ ఒకటే మాట. మన తెలుగు మనల్ని ఏమీ అడగదు. ఇంగ్లీషు అలా వదలదు. రేపు వెళ్తానంటే, ఇప్పుడే అనుకున్నావా, ముందే అనుకున్నావా, ఏర్పాట్లయ్యాయా అని మూడు ప్రశ్నలేస్తుంది."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఆమె చెప్పేది, నేను వినేదాన్ని. నేను ఆనపకాయ అన్నదాన్ని ఆమె సొరకాయ అనేది, ఇంగ్లీషులో ఏమంటారో మాత్రం ఇద్దరం కాసేపు ఆలోచించాల్సి వచ్చేది. గేటు దగ్గర పాలవాడు బెల్ కొట్టాడనుకో, ఎవరో ఒకరు లేవాలి. అప్పటికప్పుడు "నేను తీస్తాలే" అంటే 'ఐ విల్'. మనసులో ముందే గట్టిగా అనుకున్నదైతే 'గోయింగ్ టు'. టికెట్టు కొని, బట్టలు సర్దుకుని, అవతలివాళ్ళకు చెప్పి పెట్టుకున్నదైతే నడుస్తున్న పని లాగే చెప్పాలి: 'ఐ యామ్ గోయింగ్ ఆన్ సండే'.

"అంటే జరగక ముందే జరుగుతున్నట్టు చెప్పాల్నా?" అన్నాను.

"అంతే. అది విన్నవాడు ఇక ఆలోచించక్కర్లేదు. పనైపోయినట్టే."

"ఐ యామ్ గోయింగ్ టు డూ బీఎడ్" అన్నాను ఒకరోజు, ఎవరూ అడగకుండానే. ఆ మాట తెలుగులో మా ఆయనతో కూడా అప్పటిదాకా అనలేదు. ఆమె చాకు ఆపి నా వైపు చూసి, "చెయ్యి. తప్పకుండా చెయ్యి" అంది.

మా ఆయన సిటీబస్సు కండక్టరు. ఆ దసరా ముందర సమ్మె మొదలై బస్సులన్నీ ఆగిపోయాయి. అలవాటు లేని తీరికతో ఆయనకు ఏం చేయాలో తెలిసేది కాదు. పొద్దున ధర్నాకు పోయి, సాయంత్రం వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. టీచరమ్మ ఆ రోజు నాలుగో పద్ధతి చెబుతోంది. మన చేతిలో లేకుండా టైమ్‌టేబుల్ ప్రకారం జరిగేవాటికి ఉత్త వర్తమానం చాలట. "ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్" అంది ఆమె.

మెట్ల మీది నుంచి మా ఆయన నవ్వాడు. "ఏ బస్సు మేడం? డిపోకు తాళమేసినం గద."

టీచరమ్మ నాలుక కరుచుకుంది. "సరే బాబూ, బస్సొద్దు. ద ఫిల్మ్ స్టార్ట్స్ ఎట్ సిక్స్."

"ఇయ్యాల టాకీసులు గుడ బందే."

ముగ్గురం నవ్వాం. ఆ సాయంత్రం తల్చుకుంటే, అలా ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరనిపిస్తుంది.

తర్వాతి ఆదివారం ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే అందరూ కూర్చుని తినడం. సమ్మెలో ఉన్నవాళ్ళ ఇంటి ఆడవాళ్ళందరూ వచ్చారు. నేనూ పోయాను, ఇష్టంగానే పోయాను. చిన్నప్పటి నుంచి నోట్లో దాచుకున్న మాటలను అక్కడ మైకులో గట్టిగా మాట్లాడుతుంటే ఒళ్ళు పులకరించింది. రోడ్డు పక్కన గోనెసంచి మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

విజయవాడ నుంచి వచ్చే బండ్లన్నీ ఆగిపోయాయి. ఆ బండ్ల మధ్యన ఒక ఆటోలో టీచరమ్మ, ఆమె భర్త. ఎక్కడికో పోయి వస్తున్నట్టున్నారు. నలుగురు పిల్లగాళ్ళు ఆటో పైకప్పు మీద అరచేత్తో కొట్టి, లోపలికి వంగి అన్నారు. "అంకుల్, జై తెలంగాణ అనున్రి, పోనిస్తం."

తిట్టలేదు, కొట్టలేదు. నవ్వుతూనే అడిగారు. ఆయన ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఆటోవాడు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. అప్పుడు టీచరమ్మ అంది, "జై తెలంగాణ." క్లాసులో పాఠం ఒప్పజెప్పే పిల్లలా అంది. పిల్లగాళ్ళు చప్పట్లు కొట్టి దారిచ్చారు.

నేను లేవలేదు. "మా ఇంటావిడే, పోనియ్యున్రి తమ్మీ" అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కొంగు తల మీదికి లాక్కుని ఉల్లిగడ్డల మీదికి వంగాను. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అవి ఉల్లిగడ్డలవే. ఆటో కదిలేటప్పుడు ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు. మా కోసం మేం నిలబడిన రోజు అది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా ఆమెకు కనిపించానేమోనని సిగ్గేసింది. అలా సిగ్గుపడుతున్నందుకు, చుట్టూ కూర్చున్న మావాళ్ళ ముందు ఇంకా సిగ్గేసింది.

సాయంత్రం వరండాలో ఆమె మామూలుగానే పలకరించింది. "ఏం వండారమ్మాయ్ అక్కడ?"

చూసిందన్నమాట. "కిచిడీ, పప్పుచారు" అన్నాను.

"బాగుందా?"

"ఉప్పెక్కువైంది."

ఆ రోజు పాఠం లేదు. మర్నాడు నేనే దిగలేదు. తర్వాత మళ్ళీ మొదలైంది గానీ ఇద్దరం జాగ్రత్తగా మాట్లాడుకునేవాళ్ళం. సమ్మె ముగిసి బస్సులు తిరిగాయి. మా ఆయన మళ్ళీ డ్యూటీకి పోయాడు.

టీచరమ్మ వాళ్ళకు ఒక్కతే కూతురు. బెంగళూరులో కాపురం. ఆమెతో టీచరమ్మ ఫోన్లో తెలుగులోనే మాట్లాడేది. మేం మెట్ల మీద కనిపించినా, మా ఆయన చెప్పుల చప్పుడు విన్నా, మధ్యలో ఇంగ్లీషులోకి మారేది. మొదటి నుంచీ అంతే. అంతకుముందు నాకది పట్టేది కాదు, అర్థమయ్యేది కాదు కాబట్టి.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, నేను కింద తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. కిటికీ లోపల టీచరమ్మ ఫోన్లో ఉంది. నా గాజుల చప్పుడు విన్నట్టుంది, మాట మారింది. "యెస్, యెస్. వుయ్ ఆర్ మూవింగ్ ఇన్ జూన్. డాడీ ఈజ్ సెల్లింగ్ ద హౌస్. యెస్, వుయ్ ఆర్ కమింగ్."

ముందు కలిగింది సంతోషం. ఒక ఇంగ్లీషు మాట, ఎవరూ విడమర్చి చెప్పకుండా, ఆగకుండా, మొత్తం అర్థమైంది. ఆ తర్వాత చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. జూన్‌లో వెళ్ళిపోతున్నారు. 'విల్' అనలేదు. 'గోయింగ్ టు' కూడా అనలేదు. అంటే అనుకోవడం అయిపోయింది, బేరం అయిపోయింది, అవతలివాళ్ళకు చెప్పడం కూడా అయిపోయింది. అదేమిటో నాకు నేర్పింది ఆమే. మాకు మాత్రం చెప్పలేదు.

రాత్రి అన్నం తింటున్నప్పుడు మా ఆయనకు చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది.

"నీకు సమజైందా సక్కగ?"

"అయింది. నేర్పింది గదే."

"మరి మనతోని ఒక్క మాటన్న అనాలె గద. కొన్నోడొచ్చి ఖాళీ జెయ్యున్రి అన్నంక ఉరుకుదుమా?"

"మనం గా దినం రోడ్డు మీద కూసున్నమని మనసుల పెట్టుకున్నరేమో."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. నాకూ గుచ్చుకుంది. కింద వరండాలో ఆమె "ఏమ్మాయ్, రావట్లేదు?" అని పిలిస్తే, పేపర్లు దిద్దుకోవాలని చెప్పేదాన్ని. నేరుగా అడగొచ్చు. అడిగితే, కిటికీ దగ్గర నిలబడి విన్నానని చెప్పాలి. ఆమె దాచుకోవడానికి వాడిన భాషను, ఆమే నేర్పగా నేర్చుకుని, దొంగగా విన్నట్టవుతుంది. అది అడగడానికి నాకు నోరు రాలేదు.

పదిరోజులు తిరక్కముందే మా ఆయన నాదర్‌గుల్ వైపు ఒక ఇల్లు మాట్లాడాడు. నెలాఖరుకు ఖాళీ చేస్తామని కింద ఇంటివాళ్ళతో చెప్పాడు. టీచరమ్మ భర్త "అలాగే బాబూ" అన్నాడు. టీచరమ్మ లోపలి నుంచి రాలేదు.

ఖాళీ చేసే రోజు పొద్దున ట్రాలీ ఆటోలో సామానంతా ఎక్కించాం. బీరువా మీద చాప, చాప మీద గ్యాసుపొయ్యి. నేను తాళంచెవి ఇవ్వడానికి కిందికి వచ్చాను. టీచరమ్మ తాళంచెవి తీసుకుంది గానీ నన్ను పోనివ్వలేదు.

"ఒక్క మాట అడగనా? నొచ్చుకోకు."

"అడుగున్రి."

"మా యాసవాళ్ళ ఇంట్లో ఉంటున్నారని మీవాళ్ళెవరైనా ఏమన్నా అన్నారా? లేకపోతే నేనేమన్నా అన్నానా? ఈ పది రోజులూ అదే ఆలోచిస్తున్నాను."

నాకేమీ అర్థం కాలేదు. "గందుకు మేమెందుకు పోతం టీచరమ్మా? మీరే పోతున్నరు గద. జూన్‌ల."

"ఎవరు చెప్పారు?"

ఇక దాచి లాభం లేదు. "మీరే. ఫోన్‌ల. బట్టలారేస్తుంటే ఇనవడ్డది. వుయ్ ఆర్ మూవింగ్ ఇన్ జూన్ అన్నరు. డాడీ ఇల్లు అమ్ముతున్నరని గుడ అన్నరు."

ఆమె నా మొహం కేసి చూసింది. నెమ్మదిగా కుర్చీ చేయి పట్టుకుని కూర్చుంది.

"అదా... అది మా పిల్ల నోరు మూయించడానికే తల్లీ. టీవీలో గొడవలు చూడ్డం, ఏడుస్తూ ఫోన్ చెయ్యడం. అమ్మేసి వచ్చేయండి, వచ్చేయండి అని ఒకటే పోరు. వస్తాంలే అంటే నమ్మదు. అందుకని అలా అన్నాను. అలా అంటే ఓ నెలపాటు ఊరుకుంటుంది. పోయినేడు డిసెంబరన్నాను. ఈ వయసులో మేమెక్కడికి వెళ్తాం?"

"మరి మీరే చెప్పిన్రు గద, అట్లంటే పనైపోయినట్టే అని."

"చెప్పాను. అబద్ధం నమ్మించాలన్నా అదే వాడతారని చెప్పలేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఆమే అంది, గొంతు తగ్గించి. "నీకు అర్థం కాకూడదనే ఇంగ్లీషులో మాట్లాడేదాన్నమ్మాయ్. నీకు నేర్పుతూ కూడా. ఆ సంగతి నాకు ఇప్పటిదాకా తట్టనే లేదు."

మా ఆయన గేటు దగ్గర నిలబడి అంతా విన్నాడు. తల గోక్కున్నాడు. "సామాను దించమంటవా?" అన్నాడు నాతో, ఆమెకు వినపడేలా.

టీచరమ్మ భర్త లోపలి నుంచి వచ్చి, సోమవారం నుంచి ఎవరో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకు మాటిచ్చేశానన్నాడు. తనే తప్పు చేసినట్టు చేతులు నలుపుకుంటూ అన్నాడు. నాదర్‌గుల్‌లో మా ఆయన కూడా మాటిచ్చేశాడు. ట్రాలీవాడు హారన్ కొట్టాడు. నేను డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని, సాగర్ రోడ్డు ఎక్కేదాకా వెనక్కి చూడలేదు. ఆమె మీద నాకు వచ్చిన కోపాన్ని, వరండాలో పిలిచినప్పుడు నేను పలికిన పొడిమాటల్ని, ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నన్ను ఆ ఒక్క మాట అడగడానికి పదిరోజులు భయపడింది. నేనూ ఆ రోజులన్నీ భయపడ్డాను. ఇద్దరి మధ్యా ఉన్నవి పద్దెనిమిది మెట్లో ఇరవై మెట్లో.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా వీధిలో పటాకులు కాల్చారు, నేనూ రంగులు చల్లుకున్నాను. ఏ బెంగా లేని సంతోషమే అది. కానీ చైతన్యపురి వైపు పోవాల్సిన పని పడితే ఆ సందు రాకుండా చుట్టు తిరిగి పోయేదాన్ని. బీఎడ్‌లో చేరాను. కాలేజీకి పోయే బస్సు ఆ రోడ్డు మీదే పోయేది, కిటికీ వైపు కూర్చునేదాన్ని కాదు.

ఒకసారి సరూర్‌నగర్ రైతుబజారులో ఆమె కనిపించింది. నల్లద్దాలు పెట్టుకుని, వంకాయలు చేత్తో తడిమి ఏరుతోంది. నేను గబుక్కున పక్క వరసలోకి తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో, హైస్కూలు గొంతు వెనక నుంచి వినపడింది.

"ఏమ్మాయ్! ఆపరేషనైంది ఒక కంటికే. రెండోది బాగానే కనపడుతుంది."

చుట్టుపక్కల కూరగాయలవాళ్ళందరూ నన్నే చూశారు. వెనక్కి వచ్చి ఆమె చేతిలో సంచి అందుకున్నాను. ఆటో దాకా నడుస్తుంటే, ఎలా ఉన్నావని గానీ ఎందుకు రాలేదని గానీ అడగలేదు. వంకాయల ధర గురించే మాట్లాడింది. ఆటో ఎక్కాక అంది. "పేపరు చదవడానికి నెలరోజుల దాకా వీల్లేదన్నాడు డాక్టరు. మా ఆయన చదివితే నిద్దరొస్తుంది. ఆదివారం వచ్చి కాసేపు చదివి పెడతావా?"

పోయాను. వరండాలో అదే కుర్చీ. పైన ఎవరిదో మోటారుసైకిలు హెల్మెట్ మెట్ల మీద ఉంది. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇంగ్లీషు పేపరు నా ఒడిలో పెట్టింది. తెలుగు పేపరు కూడా పక్కనే ఉంది, దాన్ని చూపించి "ఇది చదవనా?" అన్నాను.

"అది మా ఆయన చదువుతాడు. నువ్విది చదువు."

మొదటి పేజీ తెరిచాను. రెండో వాక్యంలోనే ఒక మాట నోరు తిరగక తప్పు పలికాను. చెవులు వేడెక్కాయి. లోపల గదిలో ఆమె భర్త టీవీ గొంతు తగ్గించినట్టనిపించి, ఇంకా సిగ్గేసింది. ఆమె కళ్ళు తెరవకుండానే ఆ మాటను సరిచేసి పలికి, ఆగింది.

నేను ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాను.